బండి 'గూ' అని మోత పెడుతోందా? వీల్ బేరింగు అరిగిన సంగతి చెవితో పట్టుకోవడం ఎట్లా

హుజూరాబాద్: ఇక్కడి నుంచి కరీంనగర్ సుమారు 40 కిలోమీటర్లు. ఇటు హన్మకొండ అంతకంటే కాస్త తక్కువ. పెద్దాస్పత్రికి పోవాలన్నా, నికాహ్ బట్టలు తేవాలన్నా, అన్నారం షరీఫ్ దర్గాకు ఇంటిల్లిపాదీ పోవాలన్నా ఏదో ఒక బండి ఎక్కాల్సిందే. ఆల్టో లాంటి చిన్న కారు కరీంనగర్ చేరేసరికి దాని ఒక్కో చక్రం 23 వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు సెకనుకు దాదాపు 10 చుట్లు. బండి బరువు, మనుషుల బరువు, సామాను బరువు మోస్తూ ఆ చక్రాన్ని తిప్పేది అరచేతిలో పట్టే ఒక ఉక్కు రింగు. దాన్నే వీల్ బేరింగు అంటాం.

ఈ బేరింగు సాధారణంగా చెప్పాపెట్టకుండా పాడుకాదు. ముందు ఆవాజ్ చేస్తుంది. మొదట సన్నగా, తర్వాత గట్టిగా, చివరకు గరగరమని. ఆ చప్పుడును మొదట్లోనే గుర్తుపడితే బేరింగు ఒక్కటి మార్చుకుని బయటపడొచ్చు. పట్టించుకోకపోతే హబ్, యాక్సిల్ కూడా పోతాయి. ఇంకా ముదిరితే నడిరోడ్డు మీద చక్రం పట్టేయొచ్చు, ఊడిపోవచ్చు కూడా. ఖర్చు మాట అట్లుంచి, లోపల కూర్చున్నవాళ్ల ప్రాణాల సంగతి ఇది.

లోపల ఏముంటుంది?

బేరింగులో రెండు ఉక్కు రింగులు ఉంటాయి, ఒకటి లోపల, ఒకటి బయట. మధ్యలో ఉక్కు గోళీలు లేదా రోలర్లు ఉంటాయి. అవి ఒకదానికొకటి తగలకుండా ఒక జాలీ పట్టుకుని ఉంటుంది. లోపల గ్రీసు, పక్కన దుమ్ము, నీళ్లు పోకుండా సీల్. ఉక్కు మీద ఉక్కు రాసుకోకుండా దొర్లుతుంది కాబట్టే చక్రం తేలికగా తిరుగుతుంది.

గోళీలు దొర్లే దారి అద్దంలా నున్నగా ఉండాలి. సీల్ చిరిగి నీళ్లు పోయాయంటే గ్రీసు చెడుతుంది, ఉక్కుకు తుప్పు పడుతుంది. ఆ దారి మీద పొలుసులు లేచి చిన్న చిన్న గుంటలు పడతాయి. ప్రతి గోళీ ఆ గుంట మీద నుంచి పోయినప్పుడల్లా చిన్న దెబ్బ తగులుతుంది. సెకనుకు పదుల సంఖ్యలో పడే ఆ దెబ్బలన్నీ కలిసి మన చెవికి ఒకటే మోతలాగా వినిపిస్తాయి.

బేరింగు పాడవడానికి మామూలు కారణాలు ఇవి:

• వానాకాలంలో వాగు నీళ్లలో, రోడ్డు మీద నిలిచిన నీళ్లలో బండిని నడపడం.
• సర్వీసింగులో ప్రెషర్ నీళ్లను నేరుగా హబ్ మీదికి కొట్టడం.
• గుంతల్లో చక్రం గట్టిగా పడటం. అప్పుడు గోళీ ఒత్తిడికి రింగు మీద సొట్ట పడుతుంది.
• మోయగలిగిన దానికంటే ఎక్కువ లోడు వేయడం.
• కొత్త బేరింగును సుత్తితో కొట్టి ఎక్కించడం, నట్టు సరిగ్గా బిగించకపోవడం.

కరీంనగర్–వరంగల్ మధ్య 68 కిలోమీటర్ల ఎన్‌హెచ్-563ని నాలుగు లైన్లు చేసే పనికి 2023 జులై 8న వరంగల్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. రోడ్డు పని జరిగే ఏ చోటైనా డైవర్షన్లు, కంకర, దుమ్ము, వర్షం పడితే బురద తప్పవు. రోజూ అలాంటి దారిలో తిరిగే బండికి బేరింగుల మీద జర ఎక్కువ నిఘా పెట్టాలి.

బేరింగు ఆవాజ్ ఎట్లా ఉంటుంది?

మొదట్లో సన్నగా 'గూ...' అని వస్తుంది. దూరంగా లారీ పోతున్నట్టు, లేదా టైరు మోత కాస్త పెరిగినట్టు అనిపిస్తుంది. సాధారణంగా 30, 40 వేగం దాటాక వినపడుతుంది. వేగం పెరిగితే మోత పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ముదిరిన కొద్దీ అది 'గర్ గర్' అని, రాయి నూరినట్టు మారుతుంది. అప్పటికి కాళ్ల కింద ఫ్లోర్‌లో, ఒక్కోసారి స్టీరింగులో కూడా వణుకు తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ చప్పుడు రోజుకు కొంచెం కొంచెం పెరుగుతుంది కాబట్టి రోజూ నడిపేవాడి చెవి దానికి అలవాటు పడిపోతుంది. చాలా ఇళ్లల్లో ముందుగా గుర్తుపట్టేది వెనక సీట్లో కూర్చున్న అమ్మీజానో, చాలా రోజులకు బండెక్కిన బావమరిదో. వెనక చక్రం బేరింగు చప్పుడు వెనక కూర్చున్నవాళ్లకే బాగా వినపడుతుంది. "ఏదో ఆవాజ్ వస్తుంది బేటా" అని వాళ్లంటే "ఏం లేదు, రోడ్డు అట్లుంది" అని కొట్టిపారేయొద్దు. ఆ మాటే మొదటి పరీక్ష అనుకోవాలి.

చప్పుడుతో రోగం పట్టడం మెకానిక్ షెడ్డుకే పరిమితం కాదు. జమ్మికుంట మీదుగా పోయే గూడ్సు రైళ్లకు కూడా బేరింగులే ఆధారం. బేరింగు పాడై వేడెక్కితే రైల్వేవాళ్లు 'హాట్ యాక్సిల్' అంటారు. భారతీయ రైల్వే కొన్ని చోట్ల పట్టాల పక్కన మైక్రోఫోన్లు పెట్టి, నడుస్తున్న రైలు బేరింగుల చప్పుడు విని, పాడవుతున్న వాటిని ముందే గుర్తించే ఏర్పాటు చేసింది. అక్కడ మైక్రోఫోన్ చేసే పనే ఇక్కడ మన చెవి చేయాలి.

రోడ్డు మీద చేసే పరీక్షలు

ఖాళీగా, నేరుగా ఉన్న రోడ్డు చూసుకోండి. హైవే మీద చేయొద్దు. ఒకరు నడపాలి, ఇంకొకరు వినాలి. ఏసీ, రేడియో బంద్ చేయండి. ముందు టైర్లలో గాలి సరిచూసుకోండి.

మొదటిది, నిలబెట్టి రేస్ ఇవ్వడం: బండిని న్యూట్రల్‌లో ఆపి యాక్సిలరేటర్ తొక్కండి. అదే చప్పుడు వస్తే అది ఇంజిన్ వైపుది. చక్రం తిరగనప్పుడు వీల్ బేరింగు మోత పెట్టదు.

రెండోది, న్యూట్రల్: 50 వేగంలో ఒక్క నాలుగైదు సెకన్లు గేరు న్యూట్రల్ చేయండి. ఇంజిన్ మాత్రం ఆఫ్ చేయొద్దు. ఆఫ్ చేస్తే బ్రేకు, స్టీరింగు గట్టిపడతాయి, తాళం తీస్తే స్టీరింగు లాక్ కూడా పడొచ్చు. ఇంజిన్ చప్పుడు తగ్గినా ఆ 'గూ' అలాగే ఉంటే దోషం చక్రాల్లోనో టైర్లలోనో ఉన్నట్టు.

మూడోది, రోడ్డు మారినప్పుడు: తారు రోడ్డు మీద నుంచి సీసీ రోడ్డు ఎక్కినప్పుడు విని చూడండి. టైరు మోత అయితే రోడ్డును బట్టి బాగా మారుతుంది. బేరింగు మోత పెద్దగా మారదు.

నాలుగోది, మలుపు: 40 వేగంలో బండిని నెమ్మదిగా కొంచెం ఎడమకు, కొంచెం కుడికి వంచండి. బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. ఎడమకు తిరిగితే కుడి చక్రాల మీద పడుతుంది. కుడికి తిప్పినప్పుడు మోత పెరిగి, ఎడమకు తిప్పినప్పుడు తగ్గితే ఎడమ వైపు బేరింగు మీద అనుమానం పెట్టుకోవాలి. అటుఇటైతే కుడి వైపు.

వీటిలో నాలుగోది చాలా పనికొస్తుంది కాని, అదొక్కటే నమ్ముకుని బేరింగు మార్చొద్దు. చప్పుడు బాడీ ఇనుము గుండా పాకి వేరే మూల నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. మంచి బేరింగు తీసేసి పాడైంది అలాగే వదిలేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. వైపు తేల్చాల్సింది జాకీ మీద.

బేరింగు అనిపించే వేరే చప్పుళ్లు

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది టైరు. అలైన్‌మెంట్ తప్పినా, షాక్ అబ్జార్బర్ పోయినా టైరు ఎగుడుదిగుడుగా అరుగుతుంది. అది కూడా అచ్చం బేరింగులాగే 'గూ' అంటుంది. బండి ఆపి, టైరు పల్లీల మీద అరచేయి ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి రాయండి. బయటికొచ్చిన తీగలు ఉంటాయి, చూసి రాయండి. ఒక దిశలో నున్నగా, ఇంకో దిశలో రంపంలా తగిలితే టైరుదే అనుమానం. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడండి. చప్పుడు కూడా చోటు మారితే బేరింగు జోలికి పోవాల్సిన పని లేదు. ఇది చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష.

మిగతావి ఇట్లా గుర్తుపెట్టుకోవచ్చు:

• స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు 'టక్ టక్ టక్' అంటే సీవీ జాయింట్. దాని రబ్బరు బూట్ చిరిగి గ్రీసు చిమ్మిందేమో చూడాలి.
• బ్రేకు తొక్కినప్పుడు 'కీచ్' మంటే, లేదా ఇనుము గీరినట్టు వస్తే బ్రేక్ ప్యాడ్, లైనర్.
• గుంతలో పడ్డప్పుడు మాత్రమే 'ఠక్' మంటే లింక్ రాడ్, బుష్, బాల్ జాయింట్.
• ఆగి ఉన్న బండి న్యూట్రల్‌లో గర్‌మని, క్లచ్ తొక్కితే ఆగితే గేరు బాక్సు బేరింగు. క్లచ్ తొక్కినప్పుడే వస్తే క్లచ్ రిలీజ్ బేరింగు.
• వెనక చక్రాలతో నడిచే జీపులు, పికప్‌లలో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక తీరుగా, వదిలినప్పుడు ఇంకో తీరుగా మోత మారితే క్రౌన్ పినియన్ చూపించాలి.

కొన్ని కార్లలో ఏబీఎస్ సెన్సరు చదివే రింగు బేరింగులోనే ఉంటుంది. అలాంటి బండిలో మోతతోపాటు డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలిగితే అనుమానం ఇంకా బలపడుతుంది.

జాకీ ఎత్తి తేల్చుకోవడం

చదునైన గట్టి నేల మీద, హ్యాండ్ బ్రేకు వేసి, మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాకే జాకీ ఎత్తాలి. వెనక చక్రం చూడాలంటే హ్యాండ్ బ్రేకు వదలాల్సి వస్తుంది కాబట్టి ముందు చక్రాలకు గట్టి అడ్డం ఉండాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరొద్దు. పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఆ తర్వాత టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని అటుఇటు ఊపండి. మంచి చక్రం ఊగదు. 'టుక్ టుక్' అని ఆట తెలిస్తే ఇంకొకర్ని బ్రేకు తొక్కి పట్టమనండి. తొక్కినప్పుడు ఆట పోతే అది బేరింగుది. తొక్కినా ఆట అలాగే ఉంటే బాల్ జాయింట్ లేదా సస్పెన్షన్ వైపు చూడాలి. పక్కల నుంచి పట్టుకుని ఊపినప్పుడే ఆట ఉంటే స్టీరింగు రాడ్లు చూపించండి.

ఇప్పుడు ఒక చేయి కాయిల్ స్ప్రింగు మీద పెట్టి, ఇంకో చేత్తో చక్రాన్ని తిప్పండి. వేళ్లు ఇరుక్కోకుండా జాగ్రత్త. బేరింగు పాడైతే స్ప్రింగు మీద గరగర స్పష్టంగా తెలుస్తుంది. అదే విధంగా రెండో వైపు చక్రం కూడా తిప్పి పోల్చండి. పోల్చకుండా ఒక్క చక్రం చూసి తీర్పు చెప్పొద్దు. చాలా బేరింగులు ఆట రాకముందే మోత పెడతాయి. అంటే ఊగడం లేదు కాబట్టి బేరింగు మంచిదే అనుకోవడం తప్పు.

వేడి కూడా ఒక గుర్తు. పది కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి ఆపాక, నాలుగు చక్రాల దగ్గర చేయి తగలనీయకుండా పెట్టి చూడండి. ఒక్కటే బాగా కాగుతుంటే తేడా ఉన్నట్టు. అయితే బ్రేకు పట్టేసినా ఇట్లాగే కాగుతుంది కాబట్టి రెండూ చూపించాలి.

బైకు, ఆటో, ట్రాలీ

బైకుకు సెంటర్ స్టాండ్ వేసి చక్రం పైభాగం పట్టుకుని పక్కలకు ఊపండి. ఆట ఉంటే, తిప్పితే గరగర తగిలితే బేరింగు. ముందు చక్రానికి చైన్ ఉండదు కాబట్టి తేల్చడం సులువు. వెనక చక్రంలో చైన్ చప్పుడు కలుస్తుంది. చాలా బైకులకు స్ప్రాకెట్ దగ్గర ఇంకో బేరింగు ఉంటుంది, దాన్ని మరిచిపోవద్దు. మలుపులో బండి వెనక భాగం ఈదినట్టు అనిపిస్తే వెంటనే చూపించండి.

ఆటోలో ఇంజిన్ వెనకే ఉంటుంది కాబట్టి వెనక చక్రాల మోత దానిలో కలిసిపోతుంది. అందుకే ఆటోవాలాలు చెవి మీద ఆధారపడకుండా, సర్వీసింగు చేయించిన ప్రతిసారి మూడు చక్రాలూ ఎత్తించి ఊపి చూడాలి. ఎక్కిన సవారీ మన చేతిలో అమానత్.

ట్రాక్టర్ ముందు చక్రాలు, ట్రాలీల్లో ఎక్కువగా టేపర్ రోలర్ బేరింగులు వాడతారు. వీటిలో కప్, కోన్ అని రెండు భాగాలు ఉంటాయి. వీటికి నట్టుతో ఆట సరిచేయొచ్చు, విప్పి కొత్త గ్రీసు నింపొచ్చు. జమ్మికుంట మార్కెట్‌కు పత్తి సీజన్ మొదలయ్యే ముందే ట్రాలీ హబ్బులు విప్పించి చూసుకుంటే లోడుతో దారిలో ఆగే బాధ తప్పుతుంది. సీల్ చేసిన కారు బేరింగుకు మాత్రం గ్రీసు పెట్టడం కుదరదు. మోత మొదలైతే మార్చడమే.

ఇంకెంత దూరం నడపొచ్చు?

దీనికి కిలోమీటర్ల లెక్క లేదు. ఒక బేరింగు సన్నని మోతతో చాలా రోజులు నడవొచ్చు, ఇంకొకటి త్వరగానే ముదరొచ్చు. సన్నని 'గూ' మాత్రమే ఉండి ఆట లేకపోతే తక్కువ వేగంతో దగ్గరి మెకానిక్ దాకా తీసుకుపోవచ్చు. కుటుంబంతో దూర ప్రయాణం మాత్రం పెట్టుకోవద్దు.

గరగర, చక్రంలో ఆట, కాలిన వాసన, హబ్ నుంచి పొగ, స్టీరింగు వణుకు, బ్రేకు పెడల్ అకస్మాత్తుగా లోపలికి పోవడం, వీటిలో ఏది కనిపించినా బండి పక్కకు ఆపండి. హజార్డ్ లైట్లు వేసి, అందర్నీ దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. జాతీయ రహదారుల మీద సాయానికి 1033, అంబులెన్సుకు 108. బండిని టోయింగ్ చేయించడం కష్టమనిపించినా, ఊడిన చక్రం ఎదురుగా వచ్చే బైకువాడికి తగిలితే ఆ నష్టానికి లెక్కే లేదు.

కొనేటప్పుడు, మార్చేటప్పుడు

బేరింగు మీద నంబరు చెక్కి ఉంటుంది. దాన్ని చదవడం కష్టం కాదు. బైకుల్లో కనిపించే 6201, 6301 తీసుకోండి. మొదటి 6 అంటే మామూలు గోళీల బేరింగు. చివరి రెండు అంకెలు లోపలి రంధ్రం సైజు: 00 అంటే 10 మిల్లీమీటర్లు, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. 04 నుంచి ఆ అంకెను 5తో గుణించాలి. ఈ లెక్కన 6201, 6301 రెండింటికీ రంధ్రం 12 మిల్లీమీటర్లే. కాని 6201 బయటి కొలత 32 మిల్లీమీటర్లు, 6301ది 37. అందుకే నంబరు మొత్తం చూసుకోవాలి. చివర 2ఆర్‌ఎస్ ఉంటే రెండు వైపులా రబ్బరు సీల్, జడ్‌జడ్ ఉంటే రేకు మూత.

ఒకప్పుడు హైదరాబాద్ మౌలాలీలో హెచ్‌ఎంటీ బేరింగులు తయారయ్యేవి. ఆ కంపెనీని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఇప్పుడు మార్కెట్లో పేరున్న కంపెనీల డబ్బాల్లో నకిలీ సరుకు కూడా తిరుగుతుంది. నమ్మకమైన దుకాణంలో బిల్లుతో కొనండి. బిల్లుంటేనే వారంటీ అడగగలం. డబ్బా మీది నంబరు, బేరింగు మీది నంబరు ఒకటేనా చూడండి. చెక్కిన అక్షరాలు చెదిరినట్టు ఉంటే వదిలేయండి.

ఉస్తాద్‌తో ఈ నాలుగు మాటలు ముందే అనుకోండి. బేరింగును సుత్తితో కాకుండా ప్రెస్‌తో ఎక్కించాలి. ఆయిల్ సీల్ కొత్తది వేయాలి. యాక్సిల్ నట్టు కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించాలి, పాత పిన్ను మళ్లీ వాడొద్దు. తీసిన పాత బేరింగు మనకు చూపించాలి. షెడ్డులో ప్రెస్ లేకపోతే లేత్ షాపులో ఎక్కించుకోవచ్చు. సుత్తి దెబ్బ గోళీల గుండా పోతే కొత్త బేరింగుకు మొదటి రోజే సొట్ట పడుతుంది. కొన్నాళ్లకే మళ్లీ అదే 'గూ'.

కారులో పాడైన వైపు బేరింగు ఒక్కటే మార్చితే సరిపోతుంది, రెండో వైపుది పరీక్షించి మంచిదైతే ఉంచొచ్చు. బైకు చక్రంలో అయితే రెండు పక్కలవీ ఒకేసారి మార్చడం మేలు. టేపర్ బేరింగుకు కప్, కోన్ జతగానే మార్చాలి. పాత కప్‌లో కొత్త కోన్ వేస్తే త్వరగా పోతుంది.

మార్చాక అదే రోడ్డు మీద, అదే వేగంలో మళ్లీ విని చూడండి. మోత పోతే పని అయినట్టు. పోకపోతే వైపు తప్పిందో, టైరుదో తేలేదాకా బండిని షెడ్డు నుంచి బయటికి తేవొద్దు.

బయలుదేరే ముందు దువా చేసుకోవడం మనకు అలవాటు. తవక్కుల్ అంటే జాగ్రత్త వదిలేయడం కాదు. దువాతోపాటు నెలకొకసారి ఏసీ, పాటలు బంద్ పెట్టి, వెనక సీటువాళ్లను కూడా అడిగి, ఐదు నిమిషాలు బండి చప్పుడు వినండి. తేడా అనిపిస్తే ఫోన్‌లో రికార్డు చేసి ఉస్తాద్‌కు వినిపించండి. ఎంత వేగంలో, ఏ వైపు తిప్పితే పెరుగుతుందో చెప్పగలిగితే ఆయనకు సగం పని తప్పుతుంది, మీకు అక్కరలేని పార్టుల ఖర్చు తప్పుతుంది.